కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ‘కైజి’ మాంగాను చదవడం ఎలా

ఫుకుమోతో నొబుయుకి రాసి, గీసిన జపనీస్ బొమ్మల కథ (మాంగా) ‘కైజి’ని మొదటిసారి చేతికి తీసుకున్న పాఠకులలో చాలామంది, ఇతర మాంగాలను చదివిన వేగంతోనే పేజీలు తిప్పేసి, చివరకు కొంత నిరాశతో పక్కన పెడతారు. చెమటలు కక్కుతూ, పేజీల తరబడి తనలో తాను మాట్లాడుకునే ఒక యువకుడు, పదునైన ముక్కులు, కోసుగా దిగిన గడ్డాలు, మధ్యమధ్యలో పేక ముక్కలు తప్ప వారికి అందులో మరేమీ కనిపించదు. పొరపాటు కథలో లేదు, చదివిన తీరులో ఉంది. ఈ మాంగాలో ప్రతి పందెమూ ముక్క తిప్పిన క్షణంలో కాక, అంతకు చాలా ముందే, నిర్వాహకులు నియమాలను చదివి వినిపించిన పేజీలోనే సగానికి పైగా తేలిపోయి ఉంటుంది. ఆ పేజీని ప్రామిసరీ నోటు చదివినట్లు చదివితే తప్ప తరువాతి వంద పేజీల రుచి తెలియదు. అలా చదవడానికి నేను పాటించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఆటల నియమాలను, తొలి ఘట్టాలను మాత్రమే ప్రస్తావిస్తాను. మొదటి ఓడ ఘట్టంలోని ఒక్క మోసాన్ని తప్ప కీలకమైన మలుపులేవీ బయటపెట్టను.

ముందుగా పుస్తకం సంగతి. 1958లో యొకొసుకాలో జన్మించిన ఫుకుమోతో ఈ కథను 1996లో కొడాన్షా సంస్థ వారపత్రిక ‘యంగ్ మ్యాగజైన్’లో ప్రారంభించారు. మొదటి భాగం 13 సంపుటాలు. 1998లో దీనికి కొడాన్షా మాంగా పురస్కారం లభించింది. 2000లో మొదలైన రెండవ భాగమూ 13 సంపుటాలే. ఇంగ్లీషు అనువాదాన్ని డెన్పా సంస్థ 2019 నుంచి లావుపాటి సంపుటాలుగా తెస్తోంది. తరువాతి భాగాలు చాలా ఉన్నప్పటికీ, కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి భాగం దాటి ఆలోచించవలసిన పని లేదు.

మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలన్నది అందరికీ తెలిసిన మాటే. కానీ సాహసకథల్లో ఒక మాటల బుడగను ముందు వెనుకలుగా చదివినా పెద్ద నష్టం ఉండదు, పందెపు కథలో మాత్రం జవాబు ముందు వచ్చి ప్రశ్న వెనుక పడుతుంది. మన కన్ను ఎడమ నుంచి కుడికి అలవాటుపడినది కనుక, ఎడమ పేజీ చివరి గడిలో ఏ ముక్క తిరగబడిందో అప్రయత్నంగా ముందే చూసేస్తుంది. ఆట నడుస్తున్న అధ్యాయాల్లో నేను ఎడమ పేజీని ఒక తెల్లకాగితంతో కప్పి ఉంచుతాను. చిన్నపిల్లల పనిలా కనిపించినా ఇది బాగా పనిచేస్తుంది.

అప్పు లెక్కతో మొదలుపెట్టండి

కథ 1996 ఫిబ్రవరిలో మొదలవుతుంది. పని లేక, చిల్లర జూదాలతో కాలం వెళ్ళబుచ్చుతున్న ఇతో కైజి ఇంటికి ఎండో అనే వడ్డీ వ్యాపారి వస్తాడు. ఒకప్పుడు తనతో పనిచేసిన ఫురుహతా తీసుకున్న 3 లక్షల యెన్ల అప్పుకు కైజి హామీ సంతకం పెట్టి ఉన్నాడు. ఫురుహతా కనబడకుండా పోయాడు. 14 నెలల్లో ఆ అప్పు 38 లక్షల 50 వేల యెన్లయింది. చాలామంది పాఠకులు ఈ అంకెను కథ కోసం పెంచి చెప్పినదిగా భావించి ముందుకు వెళ్ళిపోతారు. మీరు ఆగి లెక్క వేయండి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. వడ్డీని ఏడాదికి ఇంత శాతమని కాక, నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకోవడం మనకు అలవాటు. ఎండో వడ్డీ నూటికి ఇరవై, అదీ చక్రవడ్డీ. బారువడ్డీ అయితే నెలకు 60 వేల చొప్పున 14 నెలలకు 8 లక్షల 40 వేలు, అసలుతో కలిపి 11 లక్షల 40 వేలు అయ్యేది. చక్రవడ్డీ కనుక 3 లక్షలను 1.2తో పద్నాలుగు సార్లు హెచ్చవేయాలి. జవాబు దాదాపు 38 లక్షల 52 వేలు వస్తుంది. అంటే రచయిత అంకెను ఊహించి వేయలేదు, లెక్క కట్టి వేశారు. ఈ ఒక్క హెచ్చవేతతో ఆయనకూ పాఠకుడికీ మధ్య ఒక ఒప్పందం కుదురుతుంది: ఈ పుస్తకంలో కనిపించే అంకెలను సరిచూసుకోవచ్చు, వాటిని నమ్మి ఆలోచించవచ్చు.

ఆనాటి జపాన్ పరిస్థితి కొంత తెలిస్తే ఈ ఘట్టం మరింత బిగువుగా ఉంటుంది. భూముల, షేర్ల ధరల బుడగ పగిలిన తరువాతి సంవత్సరాలవి. వడ్డీ వ్యాపారులు ఏడాదికి 40.004 శాతం దాటి వసూలు చేస్తే అప్పటి చట్టం ప్రకారం శిక్షార్హం. ఎండో వడ్డీ ఏడాది లెక్కన దాదాపు 790 శాతానికి తేలుతుంది. ఇక అక్కడి ఉమ్మడి హామీ పద్ధతిలో, అప్పు తీసుకున్నవాడిని ముందుగా అడగకుండానే సంతకం పెట్టినవాడి దగ్గరకు నేరుగా రావచ్చు. కైజి చేసిన మొదటి జూదం ఓడ మీద కాదు, ఆ సంతకంలోనే జరిగిపోయింది.

నియమాల పేజీ దగ్గర ఆగండి

అప్పులో మునిగినవారిని ఎక్కించుకున్న ‘ఎస్పోవార్’ అనే ఓడలో మొదటి పెద్ద ఆట జరుగుతుంది. ఫ్రెంచి భాషలో ఆ మాటకు ఆశ అని అర్థం. ఆట రాయి, కాగితం, కత్తెరే, కాకపోతే చేతులతో కాక ముక్కలతో ఆడాలి. ఒక్కొక్కరికి నాలుగు రాళ్ళు, నాలుగు కాగితాలు, నాలుగు కత్తెరలు, మొత్తం 12 ముక్కలు, వాటితోపాటు మూడు నక్షత్రాలు ఇస్తారు. ఓడినవాడు గెలిచినవాడికి ఒక నక్షత్రం ఇవ్వాలి. సమానమైతే నక్షత్రం చేతులు మారదు. ఎలా ముగిసినా ఆడిన ముక్కలు రెండూ పోతాయి. నాలుగు గంటలు గడిచేసరికి చేతిలో ముక్కలేవీ మిగలకుండా, కనీసం మూడు నక్షత్రాలు ఉన్నవారే బయటపడతారు. ఆట కోసం 10 లక్షల నుంచి కోటి యెన్ల దాకా అప్పు ఇస్తారు. దానికి ప్రతి పది నిమిషాలకు ఒకటిన్నర శాతం చక్రవడ్డీ. నక్షత్రాలను డబ్బుకు కొనవచ్చు, అమ్మవచ్చు. ముక్కలను నాశనం చేయడం నిషిద్ధం.

ఇక్కడ పుస్తకం మూసి కాగితం తీయండి. నేను కాగితాన్ని నాలుగు గడులుగా విభజించి, మొదటి దానిలో నియమాలు చేయమన్నది, రెండవ దానిలో వద్దన్నది, మూడవ దానిలో అవి ప్రస్తావించకుండా వదిలేసినది, నాలుగవ దానిలో అంకెలు రాసుకుంటాను. కథను నడిపేది దాదాపు ఎల్లప్పుడూ మూడవ గడి. రాయి, కాగితం, కత్తెర ఓడలో అబద్ధమాడకూడదని ఎవరూ చెప్పలేదు. ఇద్దరు ముందుగా మాట్లాడుకుని ఆడకూడదని చెప్పలేదు. కుదుర్చుకున్న మాట తప్పితే శిక్ష ఏమిటో చెప్పలేదు.

నాలుగవ గడిలో రెండు లెక్కలు వేయాలి. మొదటిది వడ్డీ. నాలుగు గంటల్లో పది నిమిషాలు 24 సార్లు వస్తాయి; 1.015ను 24 సార్లు హెచ్చవేస్తే దాదాపు 1.43. అంటే 10 లక్షలు తీసుకున్నవాడు 14 లక్షల 30 వేలు కట్టాలి. తీసుకున్న డబ్బు చెక్కుచెదరకుండా జేబులో ఉన్నా చాలదు. వినడానికి అల్పంగా ఉన్న ఒకటిన్నర శాతం చేసే పని ఇది. రెండవ లెక్క ఇంకా ఆసక్తికరం. ఓడలో ఆటగాళ్ళు 103 మంది; ముక్కలు 1236; ఒక్కో రకం 412. ఈ 412 సరిసంఖ్య కనుక రాయికి రాయి, కాగితానికి కాగితం, కత్తెరకు కత్తెర జతచేస్తూ పోతే రకానికి 206 చొప్పున 618 ఆటలు జరుగుతాయి, అన్నీ సమానంగా ముగుస్తాయి, ఒక్క నక్షత్రమూ చేతులు మారదు, 103 మందీ మూడేసి నక్షత్రాలతో నిలుస్తారు. నక్షత్రాలకు సంబంధించినంతవరకు ఒక్కరు కూడా ఓడనవసరం లేని ఆట అది. ఈ విషయం కాగితం మీద కనిపించిన తరువాత, ఆ గదిలో జరిగే ప్రతి మోసమూ నిర్వాహకుల క్రౌర్యం కంటే ఆటగాళ్ళ అపనమ్మకం గురించి ఎక్కువ చెబుతుంది.

ఫునై అనే వ్యక్తి కైజి దగ్గరకు వచ్చి సరిగ్గా ఈ ఉపాయాన్నే ప్రతిపాదిస్తాడు: ఇద్దరం ముందే వరుస నిర్ణయించుకుని అన్ని ముక్కలనూ సమానంగా ముగిద్దాం అంటాడు. కైజి ఒప్పుకుంటాడు. ఆట కొంత దూరం మాట ప్రకారమే సాగుతుంది, ముక్కలు కొద్దిగా మిగిలిన దశలో ఫునై మాట తప్పి నక్షత్రాలు లాక్కుంటాడు. ముక్క తిరగబడిన గడి దగ్గర ఆశ్చర్యపడడం తేలిక. అంతకుముందే ఒక ప్రశ్న వేసుకోవడం మంచి పాఠకుడి పని: మాట తప్పడం ఎప్పుడు లాభం? మొదటి ముక్కకే తప్పితే ఎదుటివాడి చేతిలో ఇంకా పదకొండు ముక్కలుంటాయి. అతడు లేచి వెళ్ళి మరొకరితో ఆడి కోలుకోగలడు, పైగా మోసగాడి పేరు గదంతా చాటగలడు. చివరికి వచ్చేసరికి కోలుకోవడానికి ముక్కలే ఉండవు. అందువల్ల ఒప్పందం ఎంత ఎక్కువసేపు నిలబడితే అంత ప్రమాదకరం అవుతుంది. ఇది తెలిస్తే, మొదటి ఆటలన్నీ సజావుగా సాగుతున్నప్పుడు కైజి ముఖంలో నిశ్చింత పెరిగే కొద్దీ మీకు భయం పెరుగుతుంది. ఫుకుమోతో కోరుకునేది అదే.

గదిలో ఇంకా ఎన్ని రాళ్ళు, ఎన్ని కాగితాలు, ఎన్ని కత్తెరలు మిగిలాయో చూపే పెద్ద బోర్డు ఒకటి ఉంటుంది. అది కనబడిన ప్రతిసారీ అంకెలను రాసుకోండి. ఒక రకం తగ్గిపోతే, దానికి ఓడే ముక్క ఒక్కసారిగా క్షేమకరమవుతుంది. కత్తెరలు అరుదైన గదిలో కాగితం పట్టుకున్నవాడే ధనికుడు. చేతి ఆటలో లేని ఈ జ్ఞాపకం ముక్కల ఆటలో ఉంది, పేకాటలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకునేవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

చక్రవర్తి, పౌరుడు, బానిస

మొదటి భాగంలో నాకు అన్నిటికంటే నచ్చినది నిర్వాహకుల పక్షానికి చెందిన తొనెగావాతో కైజి ఆడే ముక్కల ఆట. దీన్ని చదివే ముందు ఇంట్లో ఒకసారి ఆడి చూడమని గట్టిగా చెబుతాను. అట్టముక్కలు పది కత్తిరిస్తే చాలు. ఒక పక్షానికి ఒక చక్రవర్తి, నలుగురు పౌరులు. రెండవ పక్షానికి ఒక బానిస, నలుగురు పౌరులు. చక్రవర్తి పౌరుణ్ణి గెలుస్తాడు, పౌరుడు బానిసను గెలుస్తాడు, పోగొట్టుకోవడానికి ఏమీ లేని బానిస చక్రవర్తిని గెలుస్తాడు. పౌరుడికి పౌరుడు ఎదురైతే సమానం, తరువాతి ముక్కకు వెళ్ళాలి. మొత్తం 12 ఆటలు; మూడేసి ఆటలకొకసారి పక్షాలు మారతాయి.

కైజి పందెం కాసేది డబ్బు కాదు, చెవిలో బిగించిన యంత్రపు సూదికీ కర్ణభేరికీ మధ్య ఉన్న 30 మిల్లీమీటర్ల దూరం. చక్రవర్తి పక్షాన గెలిస్తే మిల్లీమీటరుకు లక్ష యెన్లు, బానిస పక్షాన గెలిస్తే అయిదు లక్షలు. ఓడితే కాసినంత దూరం సూది లోపలికి జరుగుతుంది. మీరు ఆడేటప్పుడు మిల్లీమీటర్లకు బదులు ముప్పై చింతగింజలు పెట్టుకోండి. డబ్బు పెట్టవద్దు; ఈ ఆట డబ్బు లేకుండానే చేతులు వణికిస్తుంది.

రెండు మూడు ఆటలయ్యాక ఒక సంగతి తడుతుంది. పౌరులు కేవలం కాలక్షేపం చేసేవారే. నిజానికి చక్రవర్తి పక్షం తన చక్రవర్తిని ఎన్నవ ముక్కగా దించాలో, బానిస పక్షం తన బానిసను ఎన్నవ ముక్కగా దించాలో ఒకటి నుంచి అయిదు లోపు ఒక అంకెను మనసులో అనుకుంటున్నాయి, అంతే. అంకెలు కలిస్తే బానిస గెలుస్తాడు, కలవకపోతే చక్రవర్తి పక్షం గెలుస్తుంది. ఇద్దరూ చీటీలు తీసి అంకె ఎంచుకుంటే బానిస గెలిచేది అయిదింట ఒకసారి.

ఇప్పుడు సూది లెక్క చూద్దాం. ఆటకు రెండు మిల్లీమీటర్లు కాస్తూ పోయాడనుకుంటే, చక్రవర్తిగా ఆడే ఆరు ఆటల్లో సగటున 9 లక్షల 60 వేల యెన్లు రావాలి, సూది 2.4 మిల్లీమీటర్లు జరగాలి. బానిసగా ఆడే ఆరు ఆటల్లో సగటున 12 లక్షలు రావాలి, సూది 9.6 మిల్లీమీటర్లు జరగాలి. అయిదు రెట్ల ప్రతిఫలం ఉదారంగా వినిపిస్తుంది. డబ్బు పరంగా అది నిజమే, బానిస పక్షమే కొంచెం మెరుగు. ఆ కొంచెం మెరుగుకు చెవి చెల్లించే వెల మాత్రం నాలుగు రెట్లు. రెండు వేర్వేరు నాణేలతో లెక్క నడిపి, ఒకదాన్ని చూపుతూ మరొకదాన్ని మరుగుపరచడం ఈ మాంగాలోని నిర్వాహకులందరి అలవాటు.

అయిదింట ఒకటి అన్న అంకెను కాగితం పైన పెద్దగా రాసి పెట్టుకోండి. అది మీ కొలబద్ద. ఎదుటివాడు మనసును చదివేస్తున్నాడని కైజి వణికిపోతున్నప్పుడు, నిజంగా చదువుతున్నాడా, లేక మామూలుగానే ఇలా జరిగేదా అని దానితో కొలవవచ్చు. ఉదాహరణకు బానిస పక్షాన వరుసగా ఆరు ఆటలు ఓడడం భయంకరంగా కనిపిస్తుంది, కానీ చీటీలు తీసి ఆడినా నూటికి 26 సార్లు అలాగే జరుగుతుంది. అంత మాత్రాన అనుమానించనక్కర లేదు. ఏ ఓటములు నిజంగా అనుమానించదగినవో, ఎప్పటి నుంచి అలా అయ్యాయో కనిపెట్టడమే ఈ ఘట్టంలో పాఠకుడి పందెం. సమాధానం గడుల్లో ముందే గీసి ఉంటుంది. అంతకుమించి చెప్పను.

మా ఇంట్లో ఈ ఆట ఆడినప్పుడు ఒక విచిత్రం గమనించాను. చీటీలు తీసి ఆడేవాణ్ణి ఎవరూ చదవలేరని తెలిసి కూడా, ఎవరూ చీటీలు తీయడానికి ఇష్టపడరు. ఎదుటివాణ్ణి చదవగలమన్న నమ్మకం అంత తీపి. తొనెగావా బతుకుతున్నది ఆ తీపి మీదనే.

ముఖాలు, చప్పుళ్ళు, స్వగతాలు

గడుల అంచుల్లో తరచుగా ‘జవ... జవ...’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. జపనీస్ భాషలో అది కలవరపడిన గుంపు చేసే గుసగుసల సవ్వడి. ఫుకుమోతో దాన్ని గదిలో గుంపు లేనప్పుడు కూడా వాడతారు. అప్పుడు కలవరం మనిషి లోపల ఉన్నదని అర్థం. ఆ అక్షరాలు మొదలైన గడి దగ్గర ఒక గీత పెట్టుకోండి. ఆ పాత్రకు ఏదో తట్టింది, మాటల్లోకి ఇంకా రాలేదు. మీకు తట్టిందా లేదా చూసుకోవలసిన చోటు అదే.

స్వగతాలను దాటవేయవద్దు, అలాగని నమ్మనూ వద్దు. కైజి అబద్ధం చెప్పడు కానీ పొరబడతాడు, అదీ చాలా నిష్ఠగా, తర్కబద్ధంగా పొరబడతాడు. అతడి ఆలోచనలో ప్రతి అడుగును కాగితం మీద పెట్టి, ఏది చూసి తెలుసుకున్నది, ఏది ఊహించుకున్నది అని వేరుచేయండి. సాధారణంగా మూడు నాలుగు గట్టి అడుగుల మధ్య ఒక్క ఊహ నిజం వేషం వేసుకుని నిలబడి ఉంటుంది. దెబ్బ అక్కడే తగులుతుంది.

2007లో మ్యాడ్‌హౌస్ సంస్థ నిర్మించిన 26 భాగాల యానిమే (కదిలే బొమ్మల ధారావాహిక) బాగుంటుంది, కానీ దాన్ని పుస్తకం తరువాతే చూడండి. తెర తన వేగంతో తాను పరుగెడుతుంది. ఆలోచించడానికి ఎక్కడ ఆగాలన్న నిర్ణయం మన చేతిలో ఉండదు.

రెండవ భాగానికి వెళ్ళినవారు భూగర్భంలోని పని శిబిరంలో సాగే మూడు పాచికల ఆటకు ముందు ఈ లెక్క చేసుకుంటే చాలు. గిన్నెలో మూడు పాచికలు వేస్తే 216 రకాలుగా పడవచ్చు. వాటిలో 108, అంటే సరిగ్గా సగం, ఏ విలువా లేనివి. రెండు ఒకేలా పడి మూడవది అంకెగా నిలిచేవి 90. నాలుగు-అయిదు-ఆరు, ఒకటి-రెండు-మూడు, మూడూ ఒకటే పడడం అనేవి ఒక్కోటి 36కు ఒకసారి వస్తాయి. పణం అక్కడి సొంత నాణెమైన పెరికా. పది పెరికాలు ఒక యెన్, నెల జీతం 91 వేల పెరికాలు. ఎవరికి ఎన్నిసార్లు గొప్ప అంకెలు పడ్డాయో గీతలు పెట్టి లెక్కించండి, వారాల తరబడి లెక్కించండి. శకుని కథ విని పెరిగినవారికి పాచికలను అనుమానించడం ఎలాగో వేరే చెప్పనక్కర లేదు.

ఆ తరువాత ఏమి చదవాలన్నది మీ అభిరుచిని బట్టి ఉంటుంది. ఫుకుమోతోదే అయిన ‘అకాగి’ 36 సంపుటాల గొప్ప రచన, కానీ పలకలతో ఆడే మాజాంగ్ ఆట తెలియనివారికి అందులో సగం అందదు. 2014లో మొదలైన ‘కకెగురుయి’లో పందెపు ఉన్మాదం ఎక్కువ, లెక్క తక్కువ. ఇక్కడ చెప్పిన పద్ధతికి బాగా లొంగేది కైతాని షినొబు రచన ‘లయర్ గేమ్’. 2005 నుంచి 2015 వరకు ‘యంగ్ జంప్’ వారపత్రికలో వచ్చింది, 19 సంపుటాలు. ‘స్క్విడ్ గేమ్’ చూసి ఇటు వచ్చినవారికి కూడా ఇదే సూచిస్తాను. ఆ ధారావాహిక దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ తాను ‘కైజి’, ‘లయర్ గేమ్’ చదివినట్లు చెప్పారు. ‘లయర్ గేమ్’లో అల్పసంఖ్యాకుల ఆట ఒకటి వస్తుంది. 22 మంది ఉంటారు. ఒక ప్రశ్నకు అందరూ అవుననో కాదనో చీటీ వేయాలి. తక్కువమంది వేసిన పక్షం మిగులుతుంది, ఎక్కువమంది వేసిన పక్షం వెళ్ళిపోతుంది. ఇలా చివరికి మిగిలినవారిదే గెలుపు. రహస్యంగా జట్టు కట్టకూడదని నియమాల్లో లేదు. తమలో ఒకరు తప్పక గెలవాలంటే ఎంతమంది జట్టు కట్టాలో పేజీ తిప్పే ముందు కాగితం మీద తేల్చుకోండి. ఒక్కో దఫాకు అత్యధికంగా ఎంతమంది మిగలగలరో రాసుకుంటూ పోతే దారి దొరుకుతుంది: 22 మందిలో మిగిలేది గరిష్ఠంగా 10, ఆ పదిలో గరిష్ఠంగా 4...